ఇరవై రెండు జాగలు

సిరొంచ దవాఖానల
పాత ఎక్స్‌రే గదిని కడిగి, సున్నమేసి
మిషన్ పెట్టిన్రు.
కరెంటు పోతే ఇన్వర్టర్ మీద మూలుగుతది,
వస్తే మళ్ల మొదటి నుంచి లెక్కవెడుతది.

స్లైడు లోపలికి తోస్తే
గాజు మీది యాభై అరవై వేల కణాలల్ల
ఒక్కొక్కదాని నడిమి నలుపును తూకమేసి
ఇరవై రెండు జాగలు నా ముందట పెడుతది,
ఇవి చూడు, చాలు అన్నట్టు.
మిగిలిందంతా నేను తొక్కనక్కర్లేని అడివి.

మా అమ్మ తునికాకు కళ్లంల కూసొని
ఆకు ఆకుకూ బొటనవేలు రాసి
బొక్కది, పుండుది, ముదురుది పక్కకేసేది.
యాభై ఆకులకొక కట్ట.
నాకు ఆ వేలు రాలే, కన్ను వచ్చింది.
ఆరేండ్లు మైక్రోస్కోపు మీద వంగి
ఈ అంచు నుంచి ఆ అంచుకు
నాగలిసాలు లెక్క స్లైడును నడిపిన.
ఇప్పుడు దున్నుడు లేదు, దుంకుడే.

జాడి బానక్క స్లైడు సోమవారం వచ్చింది.
ఆసరెల్లి క్యాంపుది. మరాఠీ ఫారం.
పేరు తప్పు రాసిన్రు, వయసు కాడ గీత.
ఆమె నాకు యాదికుంది:
బల్ల మీద పండుకోమంటే
"నలుగురిని కన్న, నా మొగడైనా
ఇంత లైటు పెట్టి చూడలే" అన్నది.
పరదా అవతల లైన్లున్న ఆడోళ్లంతా
కిసుక్కున నవ్విన్రు,
అందాక బిగవట్టుకొని నిలవడ్డ ముగ్గురు
ఆ నవ్వుతోటే లోపలికొచ్చిన్రు.

పదహారు దాకా అన్నీ మంచియే:
గులాబి, లేత నీలి,
విప్పుకొని పరుచుకున్న కణాలు,
నడిమిట్ల ఆవగింజంత చుక్క.
పదిహేడో జాగ కాడ చెయ్యి ఆగింది.
చుక్క కాదు, మడుగు.
చుట్టూ ఒడ్డు మిగల్లే.
ఒకదాన్నొకటి ఒరుసుకుంట
ఆరో ఏడో, మసి పూసినట్టు.
మిషన్ చెప్పినయన్నీ అయినంక
గాజంతా దున్నిన, పాత లెక్కనే,
తప్పు నాదో దానిదో అయితే బాగుండని.
ఇంకో రెండు కాడ దొరికినయ్.

నాగపూర్ డాక్టరమ్మ తెర మీద చూసి
"లవ్‌కర్" అన్నది. అంతే.

పదిహేడో జాగకు అడ్డం నిలువు అంకెలున్నయ్,
వెంట్రుకంత తేడా రాకుండ మళ్ల అక్కడికే పోవచ్చు.
బానక్కకు లేవు.
ఫోను బందు. ఇంటికి తాళం.
ఆశా తాయి చెప్పింది: మిరప ఏరను పోయిన్రు,
వంతెన అవతల, ఎటో.

ఆదివారం గోదావరి దాటిన.
మహాదేవపూర్ కాడ ఆటో మారి
ఎర్రగ ఆరబోసిన కళ్లాలు నాలుగు తిరిగితే
అయిదో చేన్ల దొరికింది,
నెత్తికి తువ్వాల, ముక్కుకు కొంగు,
కండ్లు రెండే బయట.

చెప్పిన. దబ్బున చెప్పలేక, తిప్పి తిప్పి.
"ఎంతుంటది?" అన్నది.
పండు మిరపకాయ చీరి ఒక్క గింజ
అరచేతిల పెట్టింది. "ఇంతనా?"
"దీన్ని వంద ముక్కలు చేస్తే అండ్ల ఒకటి."
గింజ దిక్కు చానసేపు చూసింది.
"దీనికోసం రెండు బండ్ల కిరాయి పెట్టుకొనొచ్చినవా!"
నవ్వు మొదలైంది గని నడుమనే తెగింది.
ఎన్ని దినాలైతది, కూలి ఎవరిస్తరు,
అక్కడ నా పక్కన ఎవరుంటరు అని
నా మొఖం చూడకుండ అడిగింది.
మొదటి రెండింటికి నా తాన జవాబు లేదు.
"సరే, మునుం వట్టిన. ఈ సాలు అయినంక పోదాం."
నేను పక్క సాలు వట్టిన.

సోమవారం పొద్దున
ఎంత కడిగినా పోని కారం వేళ్లతో
అద్దాలు సర్దుకుంటుంటే కన్ను భగ్గుమన్నది.
కొత్త ట్రే. అంకీస క్యాంపు.
మొదటి స్లైడు మీద పేరు సగమే, వయసు కాడ గీత.
నీళ్లు కారి కారి తేటవడేదాక ఆగిన.
మిషనూ ఆగింది,
దానికేం తొందర.